అమ్మమ్మకీ తాతయ్యకీ ఊరు చూపించే పని పిల్లలది

ఈ ఆగస్టులో మా అమ్మా నాన్నా భీమిలి నుంచి బెల్‌ఫాస్ట్ వస్తున్నారు. వాళ్ళని ఎక్కడికి తిప్పాలన్న మాట రాగానే తెలిసినవాళ్ళందరూ లండన్ పేరే చెప్పారు. అంత దూరం వచ్చినవాళ్ళకి బిగ్‌బెన్ కూడా చూపించకపోతే ఎలా అన్నారు. మేం మాత్రం న్యూకాజిల్ వెళ్తున్నాం. ఇంగ్లండ్‌లో ఉన్న పెద్ద న్యూకాజిల్ కాదు. ఉత్తర ఐర్లండ్‌లో, డౌన్ కౌంటీలో, మాకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో మోర్న్ కొండల కింద ఉన్న చిన్న ఊరు. ఒకవైపు ఐరిష్ సముద్రం, రెండోవైపు నిటారుగా లేచిన కొండ. ఆ కొండ పేరు స్లీవ్ డోనర్డ్, 850 మీటర్లు. ఉత్తర ఐర్లండ్‌లో అంతకన్నా ఎత్తైనది లేదు. ఎవరైనా గదులు బుక్ చేసుకునేటప్పుడు ఊరి పేరు పక్కన కౌంటీ డౌన్ అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు న్యూకాజిల్‌ల మధ్యా సముద్రం ఉంది.

ఈ ఊరిని ఎంచుకున్నది పిల్లలు. అమ్మాయికి పన్నెండేళ్ళు, బాబుకి ఎనిమిది. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. ఎంచుకోవడమే కాదు, ఏ రోజు ఎక్కడికి, ఎంత దూరం నడవాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నదంతా వాళ్ళకే అప్పజెప్పాం. డబ్బూ, కారూ, వీసా కాగితాలూ మా ఆయనవీ నావీ.

ఎందుకంటే, భీమిలి వెళ్ళినప్పుడల్లా చూపించేది నాన్నే. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత డచ్చివాళ్ళ సమాధులు, పావురాళ్ళకొండ మీద బౌద్ధ భిక్షువులు వాన నీళ్ళ కోసం రాతిలో తొలిపించుకున్న తొట్లు, అన్నీ ఓపిగ్గా చూపిస్తారు. పిల్లలు ఊ కొడతారు, తలాడిస్తారు. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమూ వచ్చు. కానీ అక్కడ వాళ్ళు చెప్పాల్సిందేమీ ఉండదు. తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళు, వినాల్సినవాళ్ళు పిల్లలు. ఆదివారం ఫోన్లలోనూ ఇంతే. తిన్నావా, తిన్నాను, బడికి వెళ్తున్నావా, వెళ్తున్నాను. రెండు నిమిషాల్లో ఫోన్ నా చేతికి వచ్చేస్తుంది. పిల్లలకి తెలుగు రావడం లేదని బాధపడే తల్లిదండ్రులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ పిల్లల దగ్గర తాతయ్యకి తెలియనిదీ, ఆయన తెలుసుకోవాలనుకునేదీ ఏదైనా ఉంటే మాట దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం. ఈ ప్రయాణం పనులు మొదలయ్యాక అది మా ఇంట్లో కనిపిస్తోంది.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది సముద్రం సంగతి. బంగాళాఖాతంలో మన వైపు పోటుకీ ఆటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది. న్యూకాజిల్ దగ్గర డండ్రమ్ అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో నాలుగైదు మీటర్లు ఉంటుంది. పొద్దున గోడని కొడుతున్న నీళ్ళు మధ్యాహ్నానికి ఎక్కడికో వెళ్ళిపోతాయి, అక్కడంతా ఇసక. మా వాడు ఆటుపోట్ల పట్టిక చూడటం నేర్చుకున్నాడు. తాతయ్యని ఏ పూట ఇసక మీద నడిపించాలో దాన్ని బట్టి రాసుకుంటున్నాడు. ఆ పట్టిక గురించి ఫోన్లో చెబుతుంటే నాన్న, "ఒరే నాన్నా, అమావాస్య ఏ రోజో చెప్పు, పెద్ద పోటు ఎప్పుడో నేను చెప్తాను" అన్నారు. వీడు వెతికి చెప్పాడు. ఆయన లెక్క వేశారు. అమావాస్యకీ పున్నమికీ తర్వాత ఒకటి రెండు రోజుల్లో పెద్ద పోట్లు పడతాయి, సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి. పట్టిక కూడా అదే చెప్పింది. ఆ రోజు ఫోన్ నా చేతికి రాలేదు. ఒకరికి పంచాంగం, ఒకరికి పట్టిక, ఇద్దరికీ చంద్రుడు ఒక్కడే. వాడి తెలుగులో తప్పులు లేవని కాదు. మధ్యలో దూరి సరిదిద్దకూడదని మా ఇంట్లో గట్టిగా పెట్టుకున్నాం. మాట ఆగిపోతే నేను అందించను, నాన్నే అడిగి రాబట్టుకుంటారు.

స్నానం సంగతి మాత్రం వేరు. అక్కడి నీళ్ళు ఆగస్టులో కూడా 14, 15 డిగ్రీల దగ్గరే ఉంటాయి. పిల్లలు వెట్‌సూట్ వేసుకుని దిగుతారు. నాన్న సముద్రాన్ని చూస్తే దణ్ణం పెట్టి నెత్తిన నీళ్ళు చల్లుకోకుండా ఉండరు. అంతవరకు చాలని ఒప్పుకున్నారు.

తర్వాతది అమ్మ మోకాళ్ళు. ఎంత దూరం నడవగలవు అమ్మమ్మా అని మా అమ్మాయి అడిగితే, నడుస్తానే, ఎంతైనా నడుస్తాను అంటుంది అమ్మ. ఆ జవాబు నమ్మకుండా, మెట్లెక్కితే నొప్పా, దిగితే నొప్పా, చదును నేల మీద ఎంతసేపు అని ఒక్కొక్కటే అడిగి రాబట్టింది. దిగేటప్పుడే నొప్పి అని తేలింది. దాంతో టోలీమోర్ అడవిలో నది పక్కన ఎక్కి దిగే దారి కాస్తా కుదించింది. టోలీమోర్ 1955లో మొదలైంది, ఉత్తర ఐర్లండ్‌లో మొదటి ఫారెస్ట్ పార్క్ అదే. షిమ్నా నది మీద రాతి వంతెనలున్నాయి, వాటిలో పాతది 1726 నాటిది. నీళ్ళకి అడ్డంగా పరిచిన అడుగురాళ్ళ మీంచి దాటడం మా పిల్లలకి ప్రాణం. అమ్మని వంతెన మీంచి పంపి వీళ్ళు రాళ్ళ మీంచి దాటుతారట.

ఇసక దిబ్బల కోసం మర్లో ఉంది. ఊరికి దగ్గరే. ఐర్లండ్ దీవి మొత్తంలో మొదటి నేచర్ రిజర్వ్, 1967 నుంచి. ఆ దిబ్బలకి ఆరు వేల ఏళ్ళుంటాయని చెబుతారు. అక్కడ నడవడానికి చెక్క బాట వేశారు, ఇసకలో కాళ్ళు కూరుకుపోవు.

మోర్న్ కొండల మధ్య ఆనకట్ట ఉన్న సైలెంట్ వ్యాలీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బెల్‌ఫాస్ట్ నగరానికి తాగునీళ్ళు మోర్న్ కొండల్లోంచి తేవాలని వందేళ్ళకి పైగా కిందటే పథకం వేశారు. ముందు ఆ నీళ్ళు పుట్టే కొండలన్నిటినీ కలుపుతూ గొర్రెలూ పశువులూ లోపలికి రాకుండా గోడ కట్టారు. 1904 నుంచి 1922 దాకా కట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు, గ్రానైట్ రాయి మీద రాయి పేర్చిందే. దాదాపు 35 కిలోమీటర్లు, పదిహేను శిఖరాల మీదుగా వెళ్తుంది. తర్వాత 1923లో మొదలుపెట్టి 1933కి సైలెంట్ వ్యాలీ ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పటికీ బెల్‌ఫాస్ట్‌కి అక్కడి నీళ్ళు వస్తాయి.

బళ్ళో ఈ గోడ గురించి చదివినప్పుడు మా అమ్మాయికి పావురాళ్ళకొండ తొట్లు గుర్తొచ్చాయి. కొండ మీద నీళ్ళు పట్టి ఉంచడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, తాతయ్య అది చూపించారు కాబట్టి నేను ఇది చూపిస్తాను అంది. నేను నేర్పిన మాట కాదది. పైగా సైలెంట్ వ్యాలీలో తారు బాట చదునుగా ఉంటుంది కాబట్టి అమ్మకి ఇబ్బంది లేదు. ఇక్కడి కొండకీ అక్కడి కొండకీ పోలిక పెట్టి చెప్పే అలవాటు మనకి, అంటే పెద్దయ్యాక వచ్చినవాళ్ళకి ఎక్కువ. ఈ సముద్రం మన సముద్రంలా ఉంది, ఈ ఘాట్‌రోడ్డు మన అరకు రోడ్డులా ఉంది అంటూ ఉంటాం. పిల్లలకి ఇది దేనిలానో ఉన్న చోటు కాదు. వాళ్ళు పుట్టిన దేశం, వాళ్ళ కుళాయిలో నీళ్ళు వచ్చే కొండ. దాన్ని తాతయ్యకి చూపించడంలో వాళ్ళకి గర్వం ఉంది. ఆ గర్వాన్ని తక్కువ చేసే మాట నా నోట రాకూడదని గట్టిగా అనుకుంటున్నాను.

వీసాల విషయం పెద్దవాళ్ళని తెచ్చుకునే అందరికీ పనికొస్తుంది కాబట్టి చెబుతాను. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కిందికి వస్తుంది, అమ్మా వాళ్ళకి బ్రిటన్ విజిటర్ వీసా. న్యూకాజిల్ నుంచి కొండల వెంట ఇంకాస్త దక్షిణానికి వెళ్తే కార్లింగ్‌ఫర్డ్ లాక్ అనే సముద్రపు పాయ వస్తుంది. ఆ నీళ్ళకి అవతలి ఒడ్డున కార్లింగ్‌ఫర్డ్, అదీ కొండ కింద సముద్రం పక్కన ఉన్న అందమైన ఊరే, కానీ అది ఐర్లండ్ రిపబ్లిక్, వేరే దేశం. సరిహద్దులో గేటు ఉండదు, పోలీసు ఉండడు, బోర్డుల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తాయి అంతే. ఎవరూ ఆపలేదు కదా అని ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న పెద్దవాళ్ళని దాటించకూడదు. వాళ్ళకి అటువైపు ఐరిష్ వీసా కావాలి. కొన్ని రకాల విజిటర్ వీసాలకి బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్ వర్తిస్తుంది, అలా వర్తిస్తుందని వీసాలో ఉంటే ఒకే వీసా మీద రెండు వైపులా తిరగొచ్చు. విమానం టికెట్ డబ్లిన్‌కి చవగ్గా దొరికిందని కొనేముందు కూడా ఇదే చూసుకోవాలి. వీసా ఏ దేశానిదో ముందు ఆ దేశంలో దిగాలి.

ఇవన్నీ విన్న నాన్న, "ఇంతకీ మీది ఏ దేశం అమ్మా?" అని మనవరాలిని అడిగారు. ఉత్తర ఐర్లండ్ జనం తమని ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు అని 1998 గుడ్‌ఫ్రైడే ఒప్పందంలో రాసుకున్నారు. దాని వెనక ముప్పై ఏళ్ళ రక్తపాతం ఉంది. మా అమ్మాయి క్లాసులో ఈ మూడు రకాల వాళ్ళూ ఉన్నారు. తను ఆ ఒప్పందం సంగతి చెప్పి, "నాకు ఇంకోటి కూడా ఉంది తాతయ్యా, భీమిలిది" అంది. ఏదో ఒకటే ఎంచుకో అని అడగని చోట నా పిల్లలు పెరుగుతున్నందుకు నాకు మనసులో చాలా ఊరటగా ఉంటుంది.

తిండి గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. హోటల్ కాకుండా వంటిల్లు ఉన్న ఇల్లే అద్దెకి తీసుకున్నాం, కుక్కరూ చారుపొడీ మాతో వస్తాయి. ఒక్క జాగ్రత్త: అమ్మ శాకాహారి. ఇక్కడ కొన్ని చిప్స్ షాపుల్లో బంగాళాదుంపలు ఆవు కొవ్వులో వేయిస్తారు. కౌంటర్ దగ్గర ముందే అడగాలి. ఆ అడిగే పని అమ్మాయి తీసుకుంది.

ఇక డోనర్డ్. ఇదొక్కటే ఇంకా తేలలేదు. మామూలుగా ఎక్కేవాళ్ళు ఊళ్ళో డోనర్డ్ పార్క్ దగ్గర కారు పెట్టి గ్లెన్ నది వెంట పైకి వెళ్తారు. మొదట చెట్లు, తర్వాత నదికి అవతలి ఒడ్డున గుండ్రటి రాతి కట్టడం కనిపిస్తుంది, జమీందార్లు మంచుగడ్డలు దాచుకున్న ఇల్లు. ఆపైన లోయ తెరుచుకుని ఇందాక చెప్పిన గ్రానైట్ గోడ దాకా వెళ్తుంది, అక్కడి నుంచి గోడ పక్కనే నిట్టనిలువుగా ఎక్కాలి. ఎక్కి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పైన ఐదు వేల ఏళ్ళనాటి సమాధి రాళ్ళ గుట్ట ఉంది. డోనర్డ్ అనే సాధువు ఆ శిఖరం మీద తపస్సు చేసుకున్నాడని చెప్పుకుంటారు, కొండకి ఆయన పేరే. సింహాచలం మెట్లు ఎన్నోసార్లు ఎక్కిన నాన్నకి, ఆ సాధువు మాట వినగానే పైదాకా రావాలనిపించింది. డెబ్బై దాటిన మనిషి. అమ్మకి ఇష్టం లేదు. మా ఆయన ఇద్దరికీ సర్దిచెప్పబోతే మా అమ్మాయి ఆపింది.

తన షరతులు తాతయ్యకి తనే చెప్పింది. బూట్లు విశాఖలోనే కొనుక్కుని రోజూ బీచ్ రోడ్డు మీద నడిచి కాళ్ళకి అలవాటు చేసుకోవాలి. పొద్దున కొండ నెత్తిన మబ్బు ఉంటే ఆ రోజు వెళ్ళేది లేదు. మంచుగడ్డల ఇల్లు ఎదురుగా కనిపించే చోట ఒకసారి, గోడ దగ్గర ఒకసారి ఆగి, ఆయాసం ఉంటే అక్కడి నుంచే వెనక్కి. గోడ చూసినా మోర్న్ చూసినట్టే అని ఆయనకి నచ్చజెప్పింది. నాన్న బూట్లు కొన్నారు. రోజూ ఎంత నడిచారో మనవరాలికి మెసేజ్ పెడుతున్నారు, తెలుగులోనే. తను అక్షరాలు కూడబలుక్కుని చదివి జవాబు రాస్తోంది.

ఒక రోజు మాత్రం ఏమీ రాయకుండా వదిలారు. వాన లేకుండా వారం గడవడం ఇక్కడ జరిగే పని కాదు. ఆ రోజుకి ఏం చేద్దాం అని బాబు అడిగితే, గవ్వలు తెస్తాను, అష్టాచెమ్మా నేర్పుతాను అంది అమ్మ. పలక గీయడానికి పెద్ద అట్ట కావాలంది. వాడు అట్ట వెతికి మంచం కింద పెట్టుకున్నాడు.