పెన్న ఇసుక నుంచి గండికోట గోడ దాకా

గండికోటకు వెళ్లే దారిలో మొదట తాడిపత్రి దగ్గర పెన్నలోకి దిగాము. బుగ్గ రామలింగేశ్వరాలయం ఒడ్డున ఏరు ఆ రోజు సన్నని పాయగా పారుతున్నది. దోసెడు తడి ఇసుక తీసి భూతద్దం కింద పెట్టి చూస్తే అందులో గాజులా తెల్లగా మెరిసే పలుగురాయి రేణువులు, లేత గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ తునకలు, వేలికి అంటుకుని వదలని నల్లని అభ్రకపు రేకులు కనిపించాయి. పెన్న పుట్టిన నంది కొండలు, అది దాటి వచ్చిన అనంతపురం నేల గ్రానైటు జాతి రాళ్లవి కాబట్టి ఆ మూడూ అక్కడివే. వాన నీరు తగులుతూ ఉంటే ఫెల్డ్‌స్పార్ మెల్లగా మెత్తబడి బంకమన్నుగా మారుతుంది, అభ్రకం చిట్లిపోతుంది, పలుగురాయి మాత్రం అరిగి గుండ్రబడుతుందే తప్ప లొంగదు. నీటి ఉరవడి ఇసుకను అడుగున దొర్లిస్తూ, చిన్న చిన్న గెంతులు వేయిస్తూ తీసుకుపోతుంది. బంకమన్నును మాత్రం తనలో తేల్చుకుని, పూర్తిగా నెమ్మదించే చోటు వచ్చేదాకా మోసుకుపోతుంది.

పాయ అడుగున ఇసుక అలలుగా మడతలు పడి ఉంది. ఎగువ వైపు వాలు పొడవుగా, దిగువ వైపు నిట్రంగా ఉంది. రేణువులు వీపు మీదుగా పైకెక్కి, అంచు దాటగానే అవతలి వైపు జారిపోతుంటే అల మొత్తం కంటికి తెలియనంత మెల్లగా ముందుకు కదులుతున్నది. నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. చివరకు మామ పిలిస్తేనే లేచాను.

గండికోటలో మాధవరాయ ఆలయాన్ని, జుమ్మా మసీదును, ధాన్యాగారాన్ని చూసుకుంటూ లోయ అంచుకు చేరాము. ఎర్రమల కొండను పెన్న కోసిన ఈ గండే ఊరికి పేరిచ్చింది. ఎదుటి గోడలో ఎర్రని బండలు పేర్చినట్టుగా ఒకదానిపై ఒకటి ఉన్నాయి. ఇసుక రాయిగా గట్టిపడిన ఈ బండలనే భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్జైటు అంటారు. దీని అడుగున ఉన్నవి తాడిపత్రి పేరుతోనే పిలిచే షేలు పొరలు, అంటే బంకమన్ను గట్టిపడి రాయైన పొరలు. పులివెందుల దగ్గర ఆ పొరల్లోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసును సుమారు 188 కోట్ల సంవత్సరాలుగా లెక్కగట్టారు. 1872లో భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కడప, కర్నూలు ప్రాంతాల శిలలను గురించి విపులంగా రాసిన నాటికి ఇలా వయసు కట్టే సాధనమే లేదు. ఏ పొర దేని మీద ఉన్నదో చూసి, ఏది ముందో ఏది వెనకో ఆయన తేల్చవలసి వచ్చింది.

అంచున ఒక బండ మీద అరచేయి ఆనించగానే పొద్దున నీటిలో చూసిన మడతలే రాతిలో తగిలాయి. అయితే ఒక తేడా ఉంది. ఇక్కడి మడతలు రెండు వైపులా సమానంగా వాలి ఉన్నాయి. ఒకే దిక్కుకు పారే ఏరు ఇలాంటి గుర్తు వేయదు. ముందుకూ వెనక్కూ ఊగే అలలే వేస్తాయి. అంటే ఇది లోతులేని సముద్రపు ఇసుక. అంత తక్కువ లోతులో సుమారు 300 మీటర్ల మందాన ఇసుక ఎలా పేరుకుందన్న సందేహం నాకు చాలాకాలంగా ఉండేది. పైన ఇసుక పడుతున్న కొద్దీ అడుగు నేల కూడా కుంగుతూ పోయిందన్నదే జవాబు. కుంగడమూ నిండడమూ దాదాపు సమంగా సాగాయి కనుక నీరు ఎప్పుడూ లోతు కాలేదు. ఆ తరువాత పై బరువుకు రేణువులు దగ్గరగా ఒత్తుకుని, సందుల్లో ఇంకిన నీటిలోని సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థమే, వాటిని అతికించింది. రాలిపడిన ఒక ముక్క విరిగిన ముఖం పటికబెల్లం విరిచినట్టు మెరిసింది. అతుకు రేణువంత గట్టిది కాబట్టి పగులు రేణువుల చుట్టూ తిరగకుండా వాటి మధ్య నుంచే పోయింది.

సాయంత్రం జమ్మలమడుగు వైపు ఒక నాపరాయి గనిలో ఆగాము. మామ ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్న మనిషి. ఉలి అంచును పొర గీతలో ఆనించి, సుత్తితో వరుసగా నాలుగు చోట్ల తట్టి, గడ్డపారతో మెల్లగా లేపాడు. రెండంగుళాల పలక విడివడింది.

"కంగుమంటే మంచి బండ, మొద్దుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టురా అబ్బీ," అన్నాడు.

విడివడిన ముఖం మీద నూనె రాసినట్టు సన్నని మట్టి పొర ఉంది. ఇది నర్జి సున్నపురాయి. గండికోట బండల కంటే చాలా తరువాతి కాలపు సముద్రంలో, ఇసుక చేరని నిశ్చలమైన చోట, మెత్తని సున్నపు బురదగా పేరుకున్నది. మధ్యమధ్య ఒక పలచని బంకమన్ను పొర పడ్డ ప్రతిచోటా రాయికి బలహీనమైన గీత ఏర్పడింది. మా ఇంటి వంటగట్టు, వసారా, బావి చుట్టు పరిచిన బండలన్నీ ఆ గీతల వెంట విడదీసినవే.

తిరుగు ప్రయాణంలో గండికోట జలాశయం మీద పొద్దు గుంకుతున్నది. పెన్న తెచ్చే ఇసుక ఇప్పుడు నీరు నెమ్మదించే ఈ కట్ట వెనకే ఆగి, ముతకది ముందు, సన్నది తరువాత, అడుగున పరుచుకుంటున్నది.