చలానా కట్టేయాలా, కోర్టులో తేల్చుకోవాలా? రూపాయలు కాదు, సెక్షన్ చూడండి

ఒడిశాలో బరంపురంలోనో రాయగడలోనో చలానా చేతికి రాగానే కళ్లు ముందు రూపాయల మీదికే పోతాయి. వెయ్యే కదా, కట్టేస్తే పీడ పోతుంది అనుకుంటాం. పోతుందో లేదో చెప్పేది ఆ కాగితం మీదున్న సెక్షన్ నంబరు. కట్టి మరచిపోదగ్గ చలానాలు ఉన్నాయి, కట్టినా వెంటబడేవి ఉన్నాయి, రోడ్డు మీద కట్టడానికే వీల్లేనివీ ఉన్నాయి. మీది ఏ రకమో తేల్చుకున్నాకే కోర్టు మాట ఎత్తండి.

హెల్మెట్ చలానా తీసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి. జరిమానా 1,000 రూపాయలు, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. డబ్బు కడితే రెండోది కూడా మాఫీ అయిందనుకుంటారు చాలామంది. కాదు. 2019 సవరణలో సెక్షన్ 200కి చేర్చిన మాటలు చూడాలి: అధికారి దగ్గర కట్టి రాజీ చేసుకున్నా, అది మొదటి తప్పుగా లెక్కలో ఉంటుంది. అదే తప్పు మళ్లీ దొరికితే రెండోసారి కింద జమ. సెక్షన్ 206(4) కింద లైసెన్సు తీసుకుని ఆర్టీవోకు పంపే అధికారం కూడా అలాగే ఉంటుంది. అతివేగం, ముగ్గురితో ప్రయాణం, తాగి నడపడం, పొల్యూషన్ కేసులు కూడా ఆ 206(4) జాబితాలోనివే. బండి మీదే బతుకు సాగే డెలివరీ కుర్రాడికో ఆటో డ్రైవరుకో 1,000 రూపాయల కన్నా ఆ మూడు నెలలే భారం. అతను నిజంగా హెల్మెట్ పెట్టుకుని ఉంటే, 1,000 కోసం కాకపోయినా లైసెన్సు కోసం పోరాడాలి.

సిగ్నల్ దాటినందుకు సెక్షన్ 184 రాస్తే అది ఇంకో దారి. 184లో అధికారి దగ్గర కట్టి తెంచుకోవడానికి వీలున్నది చేత్తో ఫోను పట్టుకుని నడిపిన తప్పుకు మాత్రమే. మిగతావన్నీ కోర్టుకే. 184కి మొదటిసారి 1,000 నుంచి 5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. తాగి నడపడం, అంటే 185, కూడా రోడ్డు మీద కట్టేది కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి 10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ రెండింటికీ, పిల్లవాడికి బండి ఇచ్చినందుకు పెద్దల మీద పడే 199ఏ కేసుకూ వకీలు లేకుండా వెళ్లొద్దు. 199ఏలో జరిమానా 25,000 రూపాయలు, తండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఇందులో సొంత తెలివి పనికిరాదు.

ఇక గెలిచే చలానాల సంగతి. అన్నిటికన్నా బలమైనవి కాగితాల కేసులు. ఇన్సూరెన్సు ఉంది, ఆ క్షణాన చేతిలో లేదు; అధికారి ఇన్సూరెన్సు లేదని 196 రాశాడు. 2018 నుంచి డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిన కాగితం అసలు కాగితంతో సమానం. కేంద్ర మోటారు వాహనాల నియమం 139 ప్రకారం, అప్పుడు చూపలేకపోతే ధ్రువీకరించిన నకలు 15 రోజుల్లోగా అడిగిన అధికారికి అందించవచ్చు, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపవచ్చు. ఆ పోస్టు రసీదు దాచండి, కోర్టులో అదే మీ ఆయుధం. ఈ కేసులు ఎక్కడ చెడతాయంటే, పాలసీ మొదలైన టైము దగ్గర. ఉదయం 11కి ఆపారు, 11:20కి ఫోన్లో రెన్యూ చేశారు, పాలసీ మీద తేదీ ఒకటే. కానీ మొదలయ్యే టైము మర్నాడు అర్ధరాత్రి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూసుకోకుండా కోర్టుకెళితే మీ కాగితమే మీకు వ్యతిరేక సాక్ష్యం.

పొల్యూషన్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది వరకు సర్టిఫికెట్ అవసరం లేదు. బండి ఎనిమిది నెలలదే అయినా 190(2) రాస్తే, ఆర్సీ తేదీ చూపిస్తే చాలు. దీనికి చట్టంలో 10,000 వరకు జరిమానా ఉంది కాబట్టి కట్టేయకండి. మరోవైపు, గడువు తీరిన లైసెన్సు 30 రోజులు చెల్లుతుందన్నది పాత మాట. 2019 సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. దాన్ని నమ్ముకుని కోర్టుకు వెళ్లొద్దు.

మన సరిహద్దుకే ప్రత్యేకమైన గొడవ ఏపీ నంబరు బండి. పాతపట్నం నుంచి రోజూ పర్లాకిమిడికి వచ్చి దుకాణంలో పనిచేసి రాత్రికి ఇల్లు చేరే మనిషి బండిని ఆపి, ఒడిశా నంబరు ఎందుకు లేదని అడుగుతారు. సెక్షన్ 46 ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. సెక్షన్ 47 చెప్పేది వేరు: బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఉంచడం వేరు, వచ్చిపోవడం వేరు. ఆంధ్రాలో సర్వీసింగ్ బిల్లులు, పెట్రోలు రసీదులు, ఇంటి చిరునామా ఉన్న ఆధార్, రేషన్ కార్డు ఉంటే ఇది నిలబడే వాదన. కానీ మీరు గుణుపురంలో ఇల్లు కట్టుకుని మూడేళ్లుగా ఏపీ 30 బండి నడుపుతుంటే వాదన లేదు. ఫారం 28తో ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఫారం 27తో గజపతి వాళ్లయితే ఓడీ 20, రాయగడ వాళ్లయితే ఓడీ 18 నంబరు తీసుకోండి.

కెమెరా చలానాల్లో తప్పులు ఎక్కువగా నంబరు చదవడంలో వస్తాయి. 8 బీ అవుతుంది, సున్నా డీ అవుతుంది. స్కూటీ నంబరుకు సీటు బెల్టు చలానా వస్తే అర్థం అదే. దీనికి కోర్టు మొదటి మెట్టు కాదు. ఈచలాన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. మీ బండి నాలుగు వైపుల ఫోటోలు, ఆర్సీ, ఆ రోజు బండి ఎక్కడుందో చూపే ఫాస్టాగ్ లేదా పెట్రోలు రసీదు జత చేయండి. చలానాలోని ఫోటోను ఆ రోజే ఫోనులో భద్రం చేసుకోండి. అమ్మేసిన బండికి చలానా వస్తే, పేరు మార్పు జరగనంత వరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. కాబట్టి స్టాంపు పేపరు మీద అమ్మకపు ఒప్పందం ఒక్కటే సరిపోదు, పేరు మార్పు కోసం ఫారం 29, 30 దాఖలైన రసీదు కావాలి.

ఫిర్యాదు తోసేస్తే అప్పుడు కోర్టు. అక్కడ మీకు పట్టు ఉంది. 2021 ఆగస్టు 11న వచ్చిన నియమం 167ఏ కెమెరా చలానాకు కొన్ని షరతులు పెట్టింది: నోటీసు 15 రోజుల్లోగా పంపాలి, పరికరానికి ఏటేటా పునరుద్ధరించిన ఆమోద పత్రం ఉండాలి, కెమెరా ఉందని ముందే చెప్పే బోర్డు ఉండాలి, తేదీ, టైము, చోటు, నంబరు ప్లేటు కనిపించే ఫోటో ఉండాలి. పైగా ఎలక్ట్రానిక్ ఫోటో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతపరచాలి. వేగం కేసులో పరిమితి ఎంతో కూడా అడగండి. 2018 ఏప్రిల్ నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠం గంటకు 100 కిలోమీటర్లు, మోటారు సైకిలుకు 80. జాతీయ రహదారి 16 మీద అంతకన్నా తక్కువ పరిమితితో చలానా వేస్తే, ఆ పరిమితి బోర్డు అక్కడ ఉందా అన్నదే అసలు ప్రశ్న. అదే రోజు వెళ్లి ఫోటో తీసుకోండి, తర్వాత బోర్డు పుట్టుకొస్తే మీ దగ్గర రుజువు ఉండదు.

ఓడిపోయే అవకాశం ఎక్కువున్నది మాటకు మాట కేసు. మీరు హెల్మెట్ ఉందంటారు, అధికారి లేదంటాడు, ఫోటో లేదు, మీకు సాక్షి లేడు. కోర్టు అధికారి మాటే నమ్మే అవకాశం ఎక్కువ. వెనక కూర్చున్నవారు సాక్ష్యం చెప్పగలరా, ఎదుటి దుకాణం సీసీ కెమెరా రికార్డింగు దొరుకుతుందా? రెండూ లేకపోతే, లైసెన్సు మీదే పొట్ట గడిచేవాళ్లు తప్ప మిగతావాళ్లు కట్టేయడమే మంచిది.

ఖర్చు నిజాయితీగా లెక్కవేయండి. నేరం ఎక్కడ జరిగిందంటున్నారో కేసు అక్కడి కోర్టులోనే. బొబ్బిలి మనిషికి రాయగడలో చలానా పడితే రాయగడకే రావాలి. రోజు సంపాదన 600, దారి ఖర్చు 200 అనుకుంటే నాలుగు వాయిదాలకు 3,200, వకీలు ఫీజు కాకుండానే. అధికారి సాక్ష్యానికి రాకపోతే వాయిదా పడుతుంది, ఒకసారి రాలేదని కేసు కొట్టేయరు. 500 రూపాయల సెక్షన్ 177 చలానా కోసం ఇది చేయొద్దు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. గజపతి వాళ్లకు ఇది పర్లాకిమిడి జిల్లా కోర్టు ఆవరణలో, కొరాపుట్ వాళ్లకు జయపురంలో దొరుకుతుంది, ఎందుకంటే ఆ జిల్లా కోర్టు ఉన్నది జయపురంలోనే.

కేసు వర్చువల్ కోర్టుకు, అంటే చలానాలను ఆన్‌లైన్‌లో చూసే కోర్టుకు వెళ్లి ఉంటే వీకోర్ట్స్ సైటులో బండి నంబరుతోనో చలానా నంబరుతోనో వెతకండి. జరిమానా కట్టడానికి ఒక మీట, ఎదిరించడానికి ఒక మీట ఉంటాయి. రెండోది నొక్కితే కేసు మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది, ఆ తర్వాత తేదీలు మీరే ఈకోర్ట్స్ సైటులో సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) చూసుకుంటూ ఉండాలి. చూడక వాయిదా తప్పితే వారెంటు రావచ్చు. 

ఎస్డీజేఎం (సబ్ డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టులో మొదటి రోజే అసలు రోజు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మేజిస్ట్రేటు అభియోగం చదివి ఒప్పుకుంటున్నారా అని ఒడియాలో అడుగుతారు. భయంతో తల ఊపితే నేరం ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. అలా ఒప్పుకున్నాక, శిక్ష ఎక్కువైందనో చట్టం ప్రకారం లేదనో తప్ప, నేను చేయలేదంటూ అప్పీలుకు దారి లేదు. మాట అర్థం కాకపోతే తెలుగులో చెప్పించమని అడగండి. చెప్పాల్సిన మాట ఇంతే: ముఁ దోష స్వీకార కరునాహిఁ. అంటే నేను నేరం ఒప్పుకోవడం లేదు. ఆ తర్వాత సాక్ష్యానికి తేదీ ఇస్తారు. ఆ రోజు అధికారి సాక్ష్యం ఒడియాలో నడిచినా, మీకు తెలిసిన భాషలో వినిపించాలని నేర విచారణ పద్ధతి చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 314 చెబుతోంది. ఓడితే జరిమానా చలానా మీద రాసినంతే ఉంటుందని లేదు. కోర్టు చట్టంలోని గరిష్ఠం వరకు వేయగలదు. ఇది తెలిసే దిగండి.

సమన్లు వచ్చిన తేదీ కూడా చూడండి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోగా విచారణకు స్వీకరించాలి, ఏడాది వరకు జైలు ఉన్నదైతే ఏడాదిలోగా. సంహితలో సెక్షన్ 514 ఇది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది కానీ, ఎవరూ ఎత్తిచూపకపోతే ఆ ప్రశ్నే రాదు. మొదటి రోజే రాతపూర్వకంగా ఇవ్వండి.

తప్పు మీదే అయితే, మొత్తం ఎక్కువనిపిస్తే, జాతీయ లోక్ అదాలత్ రోజు వెళ్లండి. అది తగ్గింపు అడిగే చోటు, నిర్దోషినని నిరూపించుకునే చోటు కాదు. అక్కడ తేలింది తుది మాట, అప్పీలు లేదు. తెలంగాణలో 2022లో పాత చలానాలకు రాయితీ ఇచ్చారని ఒడిశా చలానాను మూటగట్టి ఉంచేవాళ్లున్నారు. ఆ రాయితీ ఆ రాష్ట్రానిదే.

వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే (.apk) ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు వస్తే తెరవకండి. బ్యాంకు ఖాతా ఖాళీ చేసే దొంగ ఫైళ్లవి. అసలు సైటు చిరునామా జీవోవీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది.

గెలిచినా, కట్టినా, ఒక పని మిగులుతుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీనో చెల్లింపు రసీదునో తీసుకుని, పది రోజులయ్యాక పోర్టల్లో చలానా ఇంకా పెండింగులో కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఆ కాపీతో చలానా వేసిన ఆఫీసుకు వెళ్లి తీయించండి. లేకపోతే బండి అమ్మే రోజున, పేరు మార్పు దగ్గర అదే అడ్డం పడుతుంది.