సెంట్రల్ లాక్ పడటం లేదా? మోటార్ కొనేముందు కరెంటు చూడండి

బెజవాడలో కారు డోర్ లాక్ మోటార్ దొరకడం కష్టం కాదు, ఆటోనగర్‌లో ఒక రౌండ్ వేస్తే చాలు. అసలు మోటారే పోయిందా అన్నది తేల్చుకోవాలి.

నాలుగు డోర్లూ ఒకేసారి ఆగిపోతే దేన్నీ విప్పొద్దు. ఫ్యూజు చూడండి. ఎక్కడుందో, ఎన్ని ఆంపియర్లో సాధారణంగా ఫ్యూజ్ బాక్స్ మూత మీదో, బండి పుస్తకంలోనో ఉంటుంది. కాలితే అదే రేటింగ్‌ది వేయాలి, పెద్దది వేస్తే ఈసారి వైరింగే కాలొచ్చు. రిమోట్‌కి లాక్ పడుతూ డ్రైవర్ డోర్ స్విచ్‌కి పడకపోతే స్విచ్‌నీ దాని వైర్లనీ చూడండి. వెనక డోర్ లోపలి నుంచి మాత్రమే తెరుచుకోవడం లేదంటే మొదట చైల్డ్ లాక్ (పిల్లలు లోపలి నుంచి తీయకుండా ఆపేది) చూడండి. దీనికి కూడా డోర్ లోపలి ప్యానెల్ విప్పించేవాళ్లున్నారు!

ఒక్క డోరే మొరాయిస్తుంటే లాక్ నాబ్‌ని చేత్తో కదపండి. డోర్ వేసి ఉన్నప్పుడే బిగుసుకుంటే స్ట్రైకర్ (డోర్ వేస్తే లాచ్ పట్టుకునే, బాడీ మీది కొక్కెం) సర్దాలి. ఎప్పుడూ బిగువుగానే ఉంటే లాచ్‌లో, అంటే డోర్‌లోని తాళం భాగంలో, దుమ్ము పట్టి గ్రీజు ఎండినట్టే. శుభ్రం చేసి తెల్ల లిథియం గ్రీజు పెట్టండి, ఇంజిన్ ఆయిల్ వద్దు.

చేతికి తేలిగ్గా కదులుతుంటే అనుమానం వైర్ల మీదకి పోవాలి. డోర్‌కీ పిల్లర్‌కీ (డోర్ కీలు ఉండే బాడీ స్తంభం) మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని జరిపి, వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా లాగండి. లోపల రాగి తెగిపోయిన వైరు పై తొడుగుతో లాస్టిక్‌లా సాగుతుంది. డోర్ తీసినప్పుడల్లా వంగే చోటు అదే. ఆ డోర్ పవర్ విండో కూడా తడబడుతుంటే తెగింది దాదాపు అక్కడే. మెలిపెట్టి టేపు చుడితే నిలవదు. కొత్త ముక్క కలిపి, అతుకులు వంపులో పడకుండా రెండు వైపులా లోపలికి జరిపి, సాల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగాలి.

వైర్లు బాగుంటే అప్పుడు ప్యానెల్. మోటార్ ప్లగ్ ఊడదీసి, మోటార్‌కి వెళ్లే రెండు పిన్నుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. కరెంటు సెకను కూడా ఉండదు కాబట్టి డిజిటల్ మీటర్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. పైగా ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తుంది, మోటార్‌ని మాత్రం తిప్పలేదు. బల్బైతే ఆ లోపం బయటపెడుతుంది. లాక్‌కీ అన్‌లాక్‌కీ గట్టిగా వెలిగితే మోటార్ మార్చండి. రెండింటికీ వెలగకపోతే మోటార్ కొనొద్దు, వైరు వెతకండి.

లాక్ పడి అన్‌లాక్ కాకపోతే మోటార్‌కి వెళ్లే ఆ రెండు వైర్లు తెగినట్టు కాదు. రెండు వైపులా తిరగడానికీ అవే వైర్లు కావాలి, మారేది ప్లస్ మైనస్ మాత్రమే. మిగతా డోర్లు సరిగ్గా పనిచేస్తుంటే ఆ లాచ్ బిగువో, మోటార్ నీరసమో. అన్ని డోర్లూ అంతే అయితే రిలే (మోటార్లకు కరెంటు ఇచ్చే స్విచ్) లేదా కంట్రోల్ యూనిట్.

పరీక్షించేటప్పుడు బటన్ టకటకా నొక్కొద్దు. కొన్ని మోటార్లు వేడెక్కితే వాటంతటవే ఆగుతాయి, మంచిదాన్ని కూడా పోయిందనుకుంటారు.

ప్యానెల్ వెనక ప్లాస్టిక్ షీటుని చింపకుండా అతికించి, డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి తీసేసి, ఆ తర్వాతే ప్యానెల్ మూయండి. లేకపోతే వానల్లో కొత్త మోటార్‌కీ నీళ్లు తగులుతాయి.