పాత జిప్సీ మరమ్మతుల చిట్టా: జనవరి నుంచి తొలకరి దాకా

నా దగ్గరున్నది 2008 నాటి మారుతీ జిప్సీ, గుడ్డ టాపు రకం. 1298 సి.సి. ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో సిలిండర్లకు పెట్రోలు చిమ్మే) ఇంజిన్, 80 హార్స్‌పవర్, అయిదు గేర్లు, ముందూ వెనుకా గట్టి యాక్సిళ్లు, నాలుగు చక్రాలకూ కమాను పట్టీలు. 1985లో 970 సి.సి. ఇంజిన్‌తో మొదలైన ఈ బండికి చివరి వరకూ పవర్ స్టీరింగ్ రాలేదు. సౌకర్యాలు తక్కువ కావడం వల్లనే ఇంట్లో జాకీ, పానాలు, కాస్త ఓపిక ఉన్నవాడు దీన్ని విప్పి బిగించుకోగలడు.

సైన్యం వేలంలో వచ్చిన బండి కొనమని చాలామంది సలహా ఇచ్చారు. అటువంటి బండ్లలో గట్టివి లేకపోలేదు గాని, రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం చెబుతున్నందున రంగు మార్చాలి, ఆపై రిజిస్ట్రేషన్ పని మొదటి నుంచీ చూసుకోవాలి. అందుకే విశాఖ తీరంలో తిరిగిన ప్రైవేటు బండినే తీసుకున్నాను. పదిహేనేళ్లు నిండాక దాని రిజిస్ట్రేషన్‌ను మరో అయిదేళ్లకు పొడిగించి ఉన్నారు. కొనే ముందు ఇంజిన్ శబ్దం కన్నా ముందుగా ఆ కాగితం చూడడం మంచిది.

జనవరి

మొదటి నెలంతా తుప్పు వెతకడానికే సరిపోయింది. ఉప్పుగాలి తిన్న బండికి పైరంగు ఎంత మెరిసినా అడుగున ఏముందో చెప్పలేం. కాబట్టి ఛాసీ పొడవునా చిన్న సుత్తితో తడుతూ పోయాను. మంచి ఇనుము గణగణ మంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. వెనుక కమాన్లు ఛాసీకి తగులుకునే చోట, బాడీ బోల్టుల రబ్బర్ల చుట్టూ, ముందు సీట్ల కింది ఫ్లోరులో, ముందు అద్దం ఫ్రేము కింది అంచున మొద్దు శబ్దం వినిపించింది. ఛాసీ మీద దెబ్బ తిన్నది ఒక్క కమాను హ్యాంగర్ దగ్గరే. అక్కడ కుళ్లిన భాగం పూర్తిగా కోసి తీసి, అదే మందం రేకుతో వెల్డింగ్ చేయించాను. తుప్పు మీదే రేకు అతికించి రంగు పూసే పద్ధతికి నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే రెండు రేకుల నడుమ చేరిన తేమ బయటికి కనిపించకుండా లోపల్లోపలే తినేస్తుంది. ఫ్లోరు టింకరింగ్ తరువాత పెట్టె ఆకారంలోని ఛాసీ గొట్టాల లోపలికి మైనం కలిసిన తుప్పు నిరోధక నూనెను సన్నని గొట్టంతో కొట్టాను.

ఫిబ్రవరి, మార్చి

అసలు జబ్బు స్టీరింగులో ఉంది. గంటకు 55 నుంచి 65 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం చిన్న గుంతలో పడితే చాలు, స్టీరింగ్ చేతిలో నిలవనంతగా ఊగిపోయేది, వేగం బాగా తగ్గిస్తే తప్ప ఆగేది కాదు. గట్టి ముందు యాక్సిల్ ఉన్న బండ్లన్నిటికీ వయసుతో రాగల జబ్బు ఇది. దీనికి మెకానిక్కులు వాబ్లింగ్ అని పేరు పెట్టుకుని, చాలాచోట్ల వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ మార్చమంటారు. డ్యాంపర్ ఊపును అణచిపెడుతుంది గాని ఊపు పుట్టిన చోటును బాగుచేయదు. కొత్త డ్యాంపర్ వేశాక కొన్నాళ్లు బండి బుద్ధిగా నడుస్తుంది, ఆలోగా అరిగినవి మరింత అరుగుతాయి. అందుచేత కొనడం పక్కనపెట్టి, ఖర్చు లేని పరీక్షలన్నీ ముందు చేశాను.

ముందు చక్రాలను వెనక్కీ, వెనుకవాటిని ముందుకీ మార్చి నడిపాను. ఊపు మొదలయ్యే వేగం మారితే లోపం టైర్లలోనో రిమ్ముల్లోనో ఉన్నట్టు. ఇక్కడ మారలేదు. తరువాత ఒకరిని స్టీరింగును కొద్దిగా ఎడమకూ కుడికీ ఆడించమని, నేను కింద పడుకుని ఒక్కొక్క టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీల చివరి కీలు) మీద చెయ్యి వేసి చూశాను. లోపల వదులుంటే కంటికి కనిపించక ముందే వేలికి తెలుస్తుంది. ఎడమ వైపు ఒకటి అలా దొరికింది. ఆ పైన చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే లొటలొట వినిపించింది. ఇక్కడ ఉపయోగపడే చిట్కా ఒకటుంది: ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపాలి. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ, దాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే నకిలూ ఒకటిగా బిగుసుకుంటాయి కాబట్టి, వదులు మాయమైతే అది చక్రం బేరింగుది, మాయం కాకపోతే కింగ్‌పిన్ (నకిల్ పక్కకు తిరగడానికి ఆధారమైన ఇరుసు) బేరింగులది. నా బండిలో రెండు వైపులా మాయం కాలేదు.

నకిల్ విప్పాక పరిస్థితి స్పష్టంగా తెలిసింది. యాక్సిల్ గొట్టం చివరనున్న లోపలి ఆయిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ (యాక్సిల్ నడుమనున్న గేర్ల పెట్టె) లోని గేర్ ఆయిల్ నకిల్‌లోకి చేరి, అక్కడి గ్రీజును నీళ్లలా పలచబరిచింది. చక్రం లోపలి వైపు నల్లటి జిడ్డు కారడం చూసి మునుపటివారు బయటి సీలు మాత్రం మార్చినట్టుంది, అది కొత్తదిగానే ఉంది. గ్రీజు లేక కింది కింగ్‌పిన్ బేరింగ్ రోలర్లు తమ గుర్తులను కప్పు మీద గీతలుగా పడేశాయి. అలా గీతలు పడిన బేరింగులో చక్రం నేరుగా ఉన్నప్పుడు ఒక పట్టు, తిరిగినప్పుడు మరొక పట్టు ఉంటుంది. బేరింగులు నాలుగూ, లోపలి బయటి సీళ్లూ, టై రాడ్ ఎండ్లూ మార్చి, యాక్సిల్ జాయింట్లను కడిగి మాలిబ్డినం కలిసిన గ్రీజు నింపాను.

బిగింపులో తొందర పనికిరాదు. కింగ్‌పిన్ కింద వేసే పలుచని షిమ్‌లను బట్టి బేరింగు మీద ఒత్తిడి ఉంటుంది. టై రాడ్ తీసేసి, సీలు బిగించకుండా, నకిల్ చేతికి కొక్కెం త్రాసు తగిలించి లాగి, అది ఒక కిలోకూ రెండు కిలోలకూ మధ్య కదిలేలా షిమ్‌లు మార్చుకుంటూ వచ్చాను. మరీ వదులైతే జబ్బు తిరగబెడుతుంది, మరీ బిగువైతే మలుపు తరువాత స్టీరింగ్ తనంత తాను నిటారుకు రాదు. ఈ యాక్సిల్‌లో మామూలుగా సర్దుకోగలిగింది టో-ఇన్ (చక్రాలు ముందు వైపు కాస్త లోపలికి తిరిగి ఉండడం) ఒక్కటే. టైరు మధ్యలో సుద్దగీత గీసి, ముందు వైపూ వెనుక వైపూ టేపుతో కొలిచి, ముందు వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వచ్చేలా పెట్టాను. పాత డ్యాంపర్‌తోనే బండి ఇప్పుడు 80 కిలోమీటర్ల వేగం వరకూ నిలకడగా ఉంది.

ఏప్రిల్

ఎండలు ముదిరాక ఇంజిన్ సంగతి చూశాను. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగానే ఉంది, పొగ లేదు. అయినా పెట్రోలు ఎక్కువ తాగడం, చలిగా ఉన్న ఉదయాల్లో ఉష్ణోగ్రత ముల్లు సగానికి కూడా చేరకపోవడం చూసి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) గూడు విప్పితే లోపల ఏమీ లేదు. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం మన దగ్గర పాత అలవాటు. కార్బురేటర్ కాలంలో దాని నష్టం అంతగా బయటపడేది కాదేమో గాని, ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌లో నీటి వేడిని కొలిచే సెన్సర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. అది అందుకు తగ్గట్టు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొత్త థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి, తెరుచుకోవడం చూసి మరీ బిగించాను. అసలు వేడెక్కడానికి కారణమైన రేడియేటర్‌ను విప్పించి, సున్నం పట్టిన గొట్టాల్లో కడ్డీలు పోయించి శుభ్రం చేయించాను. కుళాయి నీళ్లు మానేసి కూలెంట్ కలిపిన శుద్ధజలం పోశాను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రాత లేదు కాబట్టి బెల్టూ, టెన్షనరూ, వాటర్ పంపూ ఒకేసారి మార్చేశాను. ఐడిల్ ఎగుడుదిగుడు మాత్రం పగిలిన ఒక వాక్యూమ్ గొట్టం మారిస్తే పోయింది.

మే

ఫోర్-వీల్ డ్రైవ్ పని చేస్తోందని అమ్మినవారు చెప్పారు గాని, నిజానికి శక్తి వెనుక రెండు చక్రాలకే అందుతోంది. దీన్ని పరీక్షించే తీరు చెబుతాను. వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేపి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, ట్రాన్స్‌ఫర్ కేసును (ముందు, వెనుక యాక్సిళ్లకు శక్తిని పంచే గేర్ల పెట్టె) 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాల మామూలు గేరులో వేసి, ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే రెండు ఫ్రీవీల్ హబ్బులనూ లాక్ చేయాలి. ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరగాలి. తిరగకపోతే ఏదో ఒక హబ్బు పట్టడం లేదన్నమాట. కుడి హబ్బు విప్పితే ఎండిన గ్రీజు బంకలా పట్టి లోపలి జారుడు రింగును కదలనివ్వడం లేదు. కిరోసిన్‌తో కడిగి, పలుచగా గ్రీజు రాసి, పేపర్ ప్యాకింగ్ కొత్తది వేస్తే సరిపోయింది. కొత్త హబ్బుల సెట్ కొనాలన్న సలహా ఇక్కడా వినిపించింది.

ట్రాన్స్‌ఫర్ కేసు ఈ బండిలో గేర్‌బాక్సుకు దూరంగా మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు చీలిపోతే గుంతల్లో లీవర్ దానంతట అదే జారుతుంది, క్లచ్ వదిలినప్పుడల్లా అడుగున ఢమ్మని చప్పుడొస్తుంది. మౌంట్లతో పాటు యాక్సిళ్లకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుల అరిగిన క్రాసులు (చివర్లలోని ప్లస్ ఆకారపు కీళ్లు) మార్పించాను. షాఫ్టు విప్పే ముందు జారుడు భాగానికీ గొట్టానికీ అడ్డంగా రంగు గీత గీయడం మరచిపోకూడదు, ఎందుకంటే ఒక పన్ను పక్కకు బిగించినా రెండు చివర్ల యోక్‌లు (క్రాసులను పట్టుకునే కొమ్ములు) ఒక వరుసలో లేక కొత్త క్రాసులతో కూడా బండి వణుకుతుంది. ఆయిల్ మార్చేటప్పుడు నింపే బోల్టు ముందు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది బోల్టు విప్పాలి. గేర్‌బాక్సులో జీఎల్-4 రకం, డిఫరెన్షియళ్లలో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోశాను.

జూన్

కొత్త హంగులకు చెయ్యి పెట్టింది ఇవన్నీ అయ్యాకే. పొడవు షాకిళ్లు (కమాను చివరను ఛాసీకి తగిలించే ముక్కలు) వేసి ఎత్తు పెంచమని అడగనివాడు లేడు. అలా పెంచితే ముందు యాక్సిల్ కోణం మారి కాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, పొట్టి షాఫ్టుల కోణాలు పెరుగుతాయి. ఇంతా చేసి పోగొట్టిన వాబ్లింగ్‌ను డబ్బిచ్చి తిరిగి తెచ్చుకున్నట్టే. పైగా తయారీదారు ఇచ్చిన మౌలిక నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నేను కమాను బుష్‌లు మార్చి, విరిగిన ఒక పట్టీ వేయించి ఊరుకున్నాను.

టైర్ల విషయంలో లెక్క వేసుకున్నాను. బండికున్న 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు, 215/75 ఆర్15 వ్యాసం సుమారు 703. దాంతో నేల నుంచి ఎత్తు 17 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, స్పీడోమీటర్ 60 చూపినప్పుడు అసలు వేగం 63 ఉంటుంది. ఇంజిన్ మీద పడే అదనపు భారం ఘాట్‌లో అయిదో గేరులో తెలుస్తుంది. 80 హార్స్‌పవర్ బండికి అది తక్కువేమీ కాదు. ప్రస్తుతానికి పాత సైజులోనే ఆల్ టెరైన్ టైర్లు వేశాను, మన్యం బురదలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, తారురోడ్డు ఎక్కగానే చిన్న కంప్రెసర్‌తో నింపుకుంటున్నాను.

తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసిన పనులు రెండు. హెడ్‌లైట్ల దగ్గర వోల్టేజి కొలిస్తే, బ్యాటరీ దగ్గర 13.8 ఉన్నది బల్బు దగ్గర 11.7 ఉంది. కరెంటంతా పాత స్విచ్చు గుండా పోవడమే కారణం. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, రిలే, మందపాటి వైరు వేసి, ఎర్త్ బోల్టుల కింద తుప్పు గీకితే అవే 60/55 వాట్ల బల్బులు కొత్తవాటిలా వెలిగాయి. రెండోది యాక్సిల్ బ్రీదర్లు, అంటే లోపలి గాలి వచ్చిపోయే రంధ్రాలు. వేడెక్కిన డిఫరెన్షియల్ వాగు నీళ్లలో దిగి ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ గుండానో సీళ్ల గుండానో నీళ్లను పీలుస్తుంది, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. రెండు బ్రీదర్లకూ ఆయిల్ తట్టుకునే గొట్టం తొడిగి ఇంజిన్ గది పైభాగం దాకా తెచ్చి కట్టాను. మారేడుమిల్లి వైపు తొలకరి వాగులు దాటి వచ్చాక బోల్టు విప్పి చూస్తే ఆయిల్ తేటగానే ఉంది.

మిగిలిన పనుల్లో మొదటిది వెనుక ఎడమ డ్రమ్ము. అందులో తడి కనిపిస్తోంది. గంధకం వాసన వస్తోంది కాబట్టి అది బ్రేకు ఆయిల్ కాదు, యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్. సీలుతో పాటు బేరింగ్ కూడా తెప్పించాను. తడిసిన బ్రేకు లైనింగులు కడిగి వాడకుండా రెండు వైపులా మారుస్తాను. ఆ తరువాతే రెండో గేరు వేసేటప్పుడు వచ్చే కరకర సంగతి. దానికి గేర్‌బాక్సు దించాలి కాబట్టి క్లచ్ ప్లేటు కూడా అప్పుడే చూసుకోవచ్చు.