ఎముకల చదువు: విశాఖ నుంచి అనాటమీ డిపార్ట్‌మెంట్ దాకా

మానవ పరిణామం మీద పరిశోధన అనగానే చాలామందికి ఆఫ్రికా ఎండలో మట్టి జల్లిస్తున్న మనిషి గుర్తొస్తాడు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్లు లేకపోతే మా రంగమే లేదు. కానీ ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసే చాలామంది ఒక్క శిలాజాన్నైనా సొంతంగా తవ్వి తీయరు. నా పనీ అంతే. మ్యూజియం వెనక గదుల్లో సొరుగులు తెరిచి చింపాంజీల, గొరిల్లాల, మనుషుల తొడ ఎముకలు కొలవడంలోనే నా చదువు గడిచింది. ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) చదివే మన పిల్లలు ఈ రూటు గురించి తరచు అడుగుతుంటారు. దరఖాస్తుల సంగతి ఎవరైనా చెబుతారు. రోజూ చేసే పని ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే రాస్తున్నాను.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆంత్రోపాలజీలో చేరినప్పుడు అది ఏం చదువో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "బీఈడీ చేసుంటే ఈపాటికి డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేదానివి కదమ్మా" అని నాన్న ఒకసారి అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఫీజు మాత్రం కట్టారు. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. ఎముకలు ముట్టుకుని వచ్చినరోజు స్నానం చేసేదాకా వంటింట్లోకి రాకూడదు. ఆ రెండేళ్లూ అలాగే చేశాను.

స్లైడింగ్ కాలిపర్, స్ప్రెడింగ్ కాలిపర్ అనే కొలత పరికరాలు పట్టుకోవడం, పుర్రె మీద ఏ బిందువు ఎక్కడుందో వేలితో తడిమి కనుక్కోవడం అక్కడే నేర్చుకున్నాను. మన ఆంత్రోపాలజీ విభాగాల్లో ఈ కొలతల సంప్రదాయం గట్టిగా ఉంది. దాన్ని పాతకాలం చదువని తీసిపారేసేవాళ్ల మాట వినకండి. నాకు విదేశంలో మొదటి సంవత్సరం చేతికి అందొచ్చింది అదే.

నా దిశ మార్చింది మాత్రం రామాపిథెకస్ కథ. 1932లో యేల్ యూనివర్సిటీ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్‌కు ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర శివాలిక్ కొండల్లో పై దవడ ముక్క ఒకటి దొరికింది. దానికి రాముడి పేరు పెట్టారు. 1960ల్లో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్బీమ్ అది మనిషి పూర్వీకుడిదేనని వాదించారు. దవడ మనిషిలో లాగా వంపు తిరిగి ఉందన్నది వాళ్ల ఆధారాల్లో ఒకటి. చిక్కేమిటంటే దొరికిన ముక్కల్లో దవడ నడిమి భాగం లేదు. రెండు పక్కలనీ ఎలా కలపాలన్నది గీసేవాళ్ల అంచనా. 1967లో సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రొటీన్లను పోల్చి, మనిషి శాఖ ఆఫ్రికా వానరాల నుంచి విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లే అయిందన్నారు. రామాపిథెకస్ అంతకు ఎన్నో లక్షల ఏళ్ల ముందుది, అంటే అది మనిషి శాఖది కావడం కుదరదు. చివరికి పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపిథెకస్ అనే శిలాజ వానరం ముఖాన్ని 1982లో పిల్బీమే ప్రచురించారు. అది ఒరాంగుటాన్ ముఖానికి దగ్గరగా ఉంది. రామాపిథెకస్‌ను శివాపిథెకస్‌లో కలిపేశారు. తను నిలబెట్టిన వాదాన్ని తనే వదులుకున్న ఆ శాస్త్రవేత్త అంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం. నేను చదివిన పుస్తకాల్లో కథ సగమే ఉండేది. మిగతా సగం తెలిసిన రోజున, ఒక పాత ఎముక గురించి నోరు విప్పాలంటే ముందు ఎన్ని కొత్త ఎముకలు చూసి ఉండాలో అర్థమైంది. ఈ పని మీదే బతకాలని అప్పుడే అనుకున్నాను.

దరఖాస్తులు, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ అందరికీ ఉండేవే. ఒక్క మాట చెబుతాను. అమెరికాలో పీహెచ్‌డీ సీటు అంటే ఒక ప్రొఫెసర్ మిమ్మల్ని తీసుకోవడం. వాళ్ల పేపర్లు నిజంగా చదివి, అందులోంచి పుట్టిన ప్రశ్న ఒకటి రాస్తేనే మెయిల్‌కు జవాబు వస్తుంది.

మొదటి ఏడాదిలో ఆస్టియాలజీ, అంటే ఎముకల శాస్త్రం కోర్సు. పరీక్షకు ఒక గుడ్డ సంచిలో ఎముక వేసి ఇస్తారు. లోపల చెయ్యి పెట్టి, చూడకుండా, ఏ ఎముకో, కుడిదో ఎడమదో చెప్పాలి. తొడ ఎముకైతే ఎవరైనా చెబుతారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, ఒక్కోటీ గులకరాయంత. లూనేట్ అనే ఎముకకు ఒకవైపు నెలవంకలా గుంట ఉంటుంది. ఆ గుంటలో బొటనవేలు ఆనించి పక్క ముఖాలను చూపుడువేలితో తడుముతూ వెళ్తే అది ఏ చేతిదో తెలుస్తుంది. రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని కళ్లు మూసుకుని అదే పని. కొన్ని నెలలకు వేళ్లే జవాబు చెప్పేస్తాయి. శిలాజాలు ముక్కలుగానే దొరుకుతాయి కాబట్టి ఈ శిక్షణ ఎంత కష్టమైనా తప్పదు.

నా థీసిస్ ప్రశ్న ఇథియోపియాలోని హడార్ నుంచి వచ్చింది. 1974లో డొనాల్డ్ జొహాన్సన్ బృందానికి దొరికిన లూసీ పేరు మీరు వినే ఉంటారు. మనిషి శాఖకు చెందిన 32 లక్షల ఏళ్ల నాటి అస్థిపంజరం, సుమారు 40 శాతం దొరికింది. మరుసటి ఏడాది అక్కడే ఇంకోచోట కనీసం 13 మంది ఎముకలు ఒకేచోట బయటపడ్డాయి. వాటిలో కొన్ని లూసీ ఎముకల కంటే బాగా పెద్దవి. ఇవి రెండు జాతులా, లేక ఒకే జాతిలో పెద్ద మగవాళ్లూ చిన్న ఆడవాళ్లూనా? గొరిల్లాల్లో మగది ఆడదానికి సుమారు రెండింతల బరువుంటుంది, మనుషుల్లో తేడా చాలా తక్కువ. 2003లో ఒక బృందం హడార్ వాళ్ల మధ్య తేడా మనుషుల స్థాయిలోనే ఉందంది. ఇంకొందరు లెక్కలు కట్టి గొరిల్లాల స్థాయి అన్నారు. ఈ గొడవ తేలాలంటే బతికున్న జాతుల్లో తేడా ఎంతుందో ముందు సరిగ్గా తెలియాలి. నేను పట్టుకున్నది ఆ కొస.

వెన్నర్-గ్రెన్, లీకీ ఫౌండేషన్ల వంటి సంస్థలు ఏ దేశం విద్యార్థులకైనా గ్రాంట్లు ఇస్తాయి. ప్రతిపాదన తిరిగొచ్చినా, రివ్యూ చేసినవాళ్ల వ్యాఖ్యలు వస్తే అవి బంగారం. వాటిని పెట్టుకుని మళ్లీ రాయడమే. డబ్బు చేతికొచ్చాక ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీలోని పావెల్-కాటన్ మ్యూజియానికి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి, క్లీవ్‌లాండ్ మ్యూజియానికి వెళ్లాను.

పావెల్-కాటన్‌లో కామెరూన్, కాంగో ప్రాంతాల నుంచి వచ్చిన గొరిల్లాలు, చింపాంజీలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు సేకరించారో రాసిపెట్టిన జంతువులు కావడం వల్ల మా పనికి వాటి విలువ ఎక్కువ. కొన్ని పుర్రెల్లో తూటా చేసిన రంధ్రం కనిపిస్తుంది. అవి వేటాడి తెచ్చినవి. ఒక చింపాంజీ చెయ్యి విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. అంటే ఆ గాయం తర్వాత అది చాలాకాలం అడవిలో బతికింది. అలాంటివి చూసినరోజు కొలతల పుస్తకంలో అంకెల పక్కన నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని.

తొడ ఎముకను కింది రెండు గుబ్బలు బల్లకు ఆనేలా నిలబెట్టి చూడండి. చింపాంజీది దాదాపు నిట్టనిలువుగా నిలుస్తుంది. మనిషిది పక్కకు వాలుతుంది. నడిచేటప్పుడు మోకాళ్లు ఒంటి కిందికి వచ్చేది ఈ వాలు వల్లే. ఇది పుట్టుకతో రాదు, పిల్లలు నడక మొదలుపెట్టాక ఎముక పెరుగుతూ వాలుతుంది. నడవలేకపోయిన పిల్లల్లో ఏర్పడదు. లూసీ కంటే ముందే, 1973లో హడార్‌లో దొరికిన మోకాలి ఎముకల్లో ఆ వాలు ఉంది. అంటే ఆ ప్రాణి చిన్నప్పటి నుంచీ రెండు కాళ్ల మీద నడిచింది. ఈ సంగతి చదివి తెలుసుకోవడం వేరు, రెండు ఎముకలనూ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూడటం వేరు.

రోజంతా చేసే పని మాత్రం ఒకే రకం. ఎముక తల వ్యాసం, మెడ పొడవు, మోకాలి వెడల్పు. కాలిపర్ చదవడం, రాయడం, మళ్లీ చదవడం. కొన్ని వారాల తర్వాత పాత అంకె చూడకుండా అదే ఎముకను ఇంకోసారి కొలవాలి. రెండు అంకెలూ కలవకపోతే కొలిచే పద్ధతినే సరిచేసుకోవాలి. మన చెయ్యి చేసే తేడా ఎంతో తెలియకుండా రెండు జాతుల మధ్య తేడా గురించి మాట్లాడకూడదు కదా. నా థీసిస్ కమిటీ అన్నిటికంటే గట్టిగా గుచ్చి అడిగింది ఈ అధ్యాయాన్నే. ఆ ఏడాది టెన్షన్ మాటల్లో చెప్పలేను. చివరికి హడార్ తొడ ఎముకల్లో కనిపించే తేడాకు ఒకే జాతి చాలు, రెండు జాతులు అక్కర్లేదన్న వాదన నిలబడింది.

క్లీవ్‌లాండ్‌లో ఉన్న హామన్-టాడ్ సేకరణలో 3,000కు పైగా మనుషుల అస్థిపంజరాలు ఉన్నాయి. చాలావరకు 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆ నగరంలో చనిపోయి, తీసుకెళ్లడానికి ఎవరూ రాని పేదవాళ్లవి. నల్లజాతివాళ్లు, ఇతర దేశాల నుంచి బతకడానికొచ్చినవాళ్లు. వాళ్లను ఎవరూ అనుమతి అడగలేదు. మన ఇళ్లలో అస్థికలు గోదావరిలోనో కృష్ణలోనో కలిపేదాకా ఎవరికీ మనసు నిలవదు. ఆ సంస్కారంలో పెరిగి ఆ సొరుగు తెరవడం నాకు తేలిక కాలేదు. మనిషి ఎముకల కొలతలు లేకుండా నా ప్రశ్నకు జవాబు లేదు, అదీ నిజమే. అక్కడ పని చేశాను. కానీ ఆ ఎముకలు ఎవరివో, ఎలా వచ్చాయో థీసిస్‌లో మొదటి అధ్యాయంలోనే పెట్టాను.

పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం. మా రంగంలో ఆంత్రోపాలజీ విభాగాల్లో ఖాళీలు తక్కువ. మెడికల్ కాలేజీలకు మాత్రం మనిషి శరీర నిర్మాణం చెప్పగలవాళ్లు కావాలి. ఎముకల పరిణామం చదివినవాళ్లు చాలామంది అలాగే అనాటమీ విభాగాల్లో స్థిరపడ్డారు. నేనూ అక్కడికే చేరాను. పొద్దున మెడికల్ విద్యార్థులకు డిసెక్షన్ హాల్లో క్లాసు, మధ్యాహ్నం నుంచి నా పరిశోధన. శరీరాలన్నీ బతికుండగా సంతకం పెట్టి ఇచ్చినవాళ్లవి. ఏడాది చివర విద్యార్థులు దాతల కుటుంబాలను పిలిచి కృతజ్ఞత చెప్పే సభ పెడతారు.

అదే డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్‌లో పాత పెట్టెలున్నాయి. మూత మీద కలకత్తా కంపెనీ లేబుల్. 1985లో భారత ప్రభుత్వం మనిషి ఎముకల ఎగుమతిని నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేవి. పెట్టెల్లో ఉన్నవాళ్లు ఎవరో రాసిన కాగితం ఒక్కటీ లేదు. పేరు లేదు, ఊరు లేదు, వయసు లేదు. గొరిల్లాకైనా ఎక్కడిదో రాసిన లేబుల్ ఉంది. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. సహోద్యోగులతో కలిసి అన్నిటినీ లెక్క రాసి, క్లాసుల్లో వాడటం ఆపించాం. బదులుగా ప్లాస్టిక్ నమూనాలు తెప్పించాం. ఆ ఎముకలను తిరిగి పంపాలా, ఇక్కడే సగౌరవంగా సాగనంపాలా అన్న చర్చ నడుస్తోంది. నా ఓటు తిరిగి పంపడానికే.

ఇక ఇండియాలో ఉన్న మీకు. మన నేల మీద కూడా పనుంది. కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల దగ్గరి బిళ్ళసుర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వారు. ఇటీవలి తవ్వకాల్లో అక్కడ గెలాడాకు దగ్గరి కోతి అవశేషాలు గుర్తించారు. గెలాడాలు ఇప్పుడు ఇథియోపియా ఎత్తు ప్రాంతాల్లో తప్ప ఎక్కడా లేవు. నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సొనాకియాకు దొరికిన పుర్రె ఏ జాతిదో ఇంకా తేలలేదు.

మొదలుపెట్టడానికి విమానం ఎక్కక్కర్లేదు. డ్యూక్ యూనివర్సిటీ నడిపే మార్ఫోసోర్స్ వెబ్‌సైట్‌లో వానరాల ఎముకల త్రీడీ స్కాన్లు చాలా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో దొరికిన హోమో నలేడి అనే ప్రాచీన మానవ జాతి శిలాజాల స్కాన్లు కూడా అందులో పెట్టారు. ఒక ఎముక ఎంచుకుని, రకానికి పది చొప్పున దింపుకుని, కొలిచి, వారం ఆగి మళ్లీ కొలవండి. ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు ఆ రెండు పట్టికలూ జత చేయండి.