తిరగని కారుకీ సర్వీసింగా!

కిందటి సర్వీసింగ్ తర్వాత ఏడాదిన్నరలో నా కారు 4,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు. "పదివేలు దాటాక చూద్దాంలే" అని సర్వీసింగ్ వాయిదా వేస్తూ వచ్చాను. మాన్యువల్ తెరిస్తే 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందొస్తే అది అని ఉంది. ఆ రెండో ముక్క నేనెప్పుడూ చదవలేదు!

నిన్న మా వీధి చివరి మెకానిక్ ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూపించాడు. ఆయిల్ నల్లగా, కింది గీత దగ్గర ఉంది. "కూరగాయలకీ, పాలకీ తిప్పితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు సార్, ఆయిల్‌కి అదే చేటు" అన్నాడు. గ్లోవ్ బాక్స్ ఊడదీసి ఏసీ ఫిల్టర్ బయటికి తీస్తే దుమ్ము, వేపాకులు, ఒక పావురం ఈక. మా ఆవిడ నావైపు చూసిన చూపు చెప్పను.

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మార్చాడు. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ దులిపి పెట్టేశాడు. బ్రేక్ ప్యాడ్లు మందంగానే ఉన్నాయి కానీ బ్రేక్ ఆయిల్ వేసి రెండేళ్లు దాటింది, అది తేమ పీల్చుకుంటుందని మార్చేశాడు. కిందటిసారి ఒక పెద్ద షోరూమ్‌లో అడక్కుండానే ఏదో 'క్లీనింగ్' బిల్లులో కలిపారు. ఈయన పాత ఫిల్టర్లు కూడా నా చేతికే ఇచ్చాడు. ఇంకా డిక్కీలోనే ఉన్నాయి.