ఇల్లు అక్కడే ఉంది, జిల్లానే మారింది

మొన్న బాపును తీసుకుని ఒక ఆఫీసుకు పోయాను. కౌంటర్లో ఉన్నాయన కాగితాలన్నీ రెండుసార్లు తిరగేసి, "ఇందులో వరంగల్ అని ఉంది, ఇందులో వరంగల్ అర్బన్, దీంట్లో హనుమకొండ, ఇంతకూ మీది ఏ జిల్లా సార్?" అన్నాడు. బాపు నిదానంగా "ఇల్లు ఆడనే ఉన్నది బిడ్డా, మీరే మారుస్తున్నరు" అన్నాడు. నాకు నవ్వాగలేదు, పని మాత్రం ఆ రోజు కాలేదు. 2016లో జిల్లాను ముక్కలు చేశారు, 2021లో అర్బన్ పోయి హనుమకొండ వచ్చింది. తాత ట్రంకుపెట్టెలో ఒక ఉర్దూ కాగితం కూడా ఉంది, అది నిజాం కాలంది, దాన్ని తీసుకుపోనందుకు సంతోషించాను.

బండి మీద తిరిగొస్తుంటే రుసిన్లు గుర్తొచ్చారు. సూప్ డబ్బాల బొమ్మలు వేసిన ఆండీ వార్హోల్ గురించి చదువుతున్నప్పుడు తగిలిన పేరది. ఆయన అమ్మానాన్నలు రుసిన్లే, ఇప్పటి స్లొవాకియాలోని మికోవా అనే పల్లె నుంచి అమెరికా పోయారు. కార్పాథియన్ కొండల్లో ఉక్రెయిన్, స్లొవాకియా, పోలండ్ కలిసే చోట ఈ జనం ఉంటారు, కొందరు 18వ శతాబ్దంలోనే దిగువకు పోయి ఇప్పటి సెర్బియాలో స్థిరపడ్డారు. సొంత దేశం లేదు. ఉక్రెయిన్ వైపు ఉండే ఆ కొండప్రాంతంలో ఒక జోకు చెప్పుకుంటారు: ఒక ముసలాయన ఆస్ట్రియా-హంగరీలో పుట్టాడట, చెకొస్లొవాకియాలో బడికి పోయాడట, హంగరీలో పెళ్లి చేసుకున్నాడట, సోవియట్ యూనియన్‌లో ఉద్యోగం చేసి ఉక్రెయిన్‌లో పెన్షన్ తీసుకుంటున్నాడట. చాలా దేశాలు తిరిగినట్టున్నావే అంటే, లేదయ్యా, ఊరు దాటలేదు అన్నాడట. మా బాపు చెప్పిందీ ఇదే కదా!

దేశం మారినప్పుడల్లా పేరూ మారింది. వాళ్లు తమను తాము రుసిన్ అనో రుస్నాక్ అనో చెప్పుకునేవారు. ఆస్ట్రియా రాజుల దఫ్తర్లు లాటిన్ మాట పట్టుకుని రుథేనియన్లు అని రాసుకున్నాయి. 1945లో సోవియట్లు వచ్చాక ఆ పేరే వద్దు, మీరంతా ఉక్రేనియన్లే అన్నారు. (మేము ఉక్రేనియన్లమే అని మనస్ఫూర్తిగా అనుకునేవాళ్లూ అందులో ఉన్నారు, వాళ్లను కాదనడానికి నేనెవర్ని?)

నాకు బాగా పట్టుకున్నది మాత్రం పోలండ్ వైపు వాళ్ల పేరు, లెమ్కో. వాళ్ల మాటల్లో "లెమ్" అంటే "మాత్రమే". పక్క ఊళ్లవాళ్లు అదే అర్థానికి వేరే మాట వాడేవారు, అందుకని వీళ్లను ఎగతాళిగా లెమ్ లెమ్ అనేవాళ్లు అని అన్నారు. చివరికి వీళ్లే ఆ పేరు పెట్టుకున్నారు! హైదరాబాద్ హాస్టల్లో నన్ను ఏడాదిపాటు "గట్లనా" అనే పిలిచారు, నా అసలు పేరు సగం మందికి తెలియదు, కాబట్టి ఈ ఎగతాళి నాకు కొత్త కాదు. కానీ వాళ్లకు ఎగతాళితో ఆగలేదు. 1947లో పోలండ్ ప్రభుత్వం సుమారు 1,40,000 మంది ఉక్రేనియన్లను, లెమ్కోలను ఊళ్ల నుంచి లేపి, జర్మనీ నుంచి కొత్తగా వచ్చిన భూముల్లో చెల్లాచెదురుగా పడేసింది.

ఇక భాష. అది భాష కాదు, ఉక్రేనియన్‌లో ఒక యాస అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యాస అనే మాట వింటే మనకు ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. సెర్బియాలో ఉన్నవాళ్లకు 1923లోనే వ్యాకరణం వచ్చింది, స్లొవాకియాలో రాతభాషను ఖరారు చేసింది 1995లో. అదే స్లొవాకియాలో 2011 జనాభా లెక్కల్లో మేము రుసిన్లం అన్నవాళ్లు 33 వేల పైచిలుకు, మా అమ్మభాష రుసిన్ అన్నవాళ్లు 55 వేల పైచిలుకు. ఇంట్లో మాట్లాడేది ఒకటి, ఫారంలో రాసేది ఇంకొకటి అన్నమాట.

ఇదంతా మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన నా దోస్తుకు చెప్పాను. "మీరు మమ్మల్ని లంబాడోళ్లు అంటరు, ఆఫీసుల్లో ఇంకోటి రాస్తరు, ఇంట్లో మేము గోర్" అన్నాడు. ఎనిమిదేళ్ల దోస్తీ, ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మరి నేనేందిరా అంటే, "నువ్వా? కోర్. గోర్ కానోళ్లంతా మాకు కోరే" అని నవ్వి, చాయ్ గ్లాసు పక్కన పెట్టి వాళ్లమ్మకు ఫోన్ చేసుకున్నాడు.